వార్తల్లో పదం: కాల్షియం స్కోర్

2022 ఫిబ్రవరి 21న ఆంధ్రప్రదేశ్ మంత్రి మేకపాటి గౌతమ్‌రెడ్డి యాభయ్యేళ్లకే గుండెపోటుతో కన్నుమూశారు. వ్యాయామం మానని మనిషికే ఇలాగైతే, ముప్పును ముందే పసిగట్టేదెలా? వైద్యులు చెప్పే దారుల్లో ఒకటి కాల్షియం స్కోర్.

గుండెకు రక్తం చేరవేసే కరొనరీ ధమనుల గోడల్లో కొవ్వు పేరుకుంటుంది. ఏళ్లు గడిచేకొద్దీ దానికి కాల్షియం పడుతుంది. సీటీ స్కాన్‌లో అది ఎముకలా తెల్లగా కనిపిస్తుంది. దాన్ని అంకెల్లో కొలిచే పద్ధతిని 1990లో అమెరికా వైద్యుడు ఆర్థర్ అగాట్‌స్టన్ బృందం ప్రకటించింది. స్కోర్ సున్నా అయితే ముప్పు తక్కువ. 100 దాటితే కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మాత్రల మాట వస్తుంది. 400 దాటితే పూడిక బాగా ముదిరినట్టే. ఈ స్కాన్‌కు సూది కూడా గుచ్చరు.

సున్నా చూసి సంబరపడిపోనక్కర్లేదు. చిన్న వయసువారిలో, పొగ తాగేవారిలో కాల్షియం పట్టని మెత్తటి పూడిక ఉండొచ్చు. అది బయటపడాలంటే సీటీ యాంజియోగ్రామ్ చేయాలి. గుండె వేగం తగ్గడానికి మాత్ర, నాలుక కింద నైట్రోగ్లిజరిన్, చేతి నరంలోకి అయోడిన్ మందు ఇస్తారు. ఒళ్లంతా ఒక్కసారి వెచ్చబడుతుంది, ఊపిరి బిగబట్టమంటారు, అంతే. కిడ్నీ జబ్బుంటే ముందే చెప్పాలి.

స్కాట్లాండ్‌లో 4,146 మందిపై జరిగిన స్కాట్-హార్ట్ అధ్యయనం ఫలితాలు 2018లో వెలువడ్డాయి. ఐదేళ్లలో గుండెపోటు, గుండెజబ్బు మరణాలు మామూలు వైద్యంలో 3.9 శాతం, సీటీ యాంజియోగ్రామ్ కూడా తీసినవారిలో 2.3 శాతం. పూడిక కళ్లకు కనిపించడంతో మందులు సరిగ్గా పడ్డాయన్నది పరిశోధకుల వివరణ.

అనకాపల్లి జిల్లా రాజయ్యపేట లాంటి మత్స్యకార గ్రామంలో ఛాతీ నొప్పి మొదలైతే మాత్రం ఈ స్కాన్ కోసం విశాఖ పరుగెత్తకూడదు. 108కి ఫోన్ చేసి, దగ్గరి ఆసుపత్రిలో ఈసీజీ తీయించాలి. గుండెపోటని తేలి, వైద్యులు అవసరమంటే, రక్తపు గడ్డ కరిగించే టెనెక్టెప్లేస్ ఇంజెక్షన్ ఇస్తారు.