బొమ్మల పుస్తకములలో కరుణరసము – శిశుశ్రోత

చదువ నేరని శిశువులకై, అప్పుడప్పుడే అక్షరములు కూడబలుకుకొను బాలురకై వెలువడు బొమ్మల పుస్తకములలో మరణము, వియోగము, యుద్ధము మొదలగు దుఃఖవస్తువులకు చోటు ఉండవచ్చునా అను ప్రశ్న ఉపాధ్యాయులను, తల్లిదండ్రులను చిరకాలముగా కలవరపెట్టుచున్నది. ఉండరాదనువారు రెండు ఆక్షేపములు చెప్పుదురు. పసిమనస్సు మెత్తనిది, దానికి అకాలమున దుఃఖమును పరిచయము చేయరాదని మొదటిది. కథకును జీవితమునకును గల భేదము శిశువునకు స్పష్టముగా తెలియదు, కథలోని తల్లి మరణించినచో తన తల్లికిని అట్లే కాగలదని వాడు బెదరునని రెండవది.

మొదటి ఆక్షేపమునకు సమాధానము చెప్పుట కష్టము కాదు. దుఃఖము పుస్తకముతో పాటు ఇంట అడుగిడునది కాదు. తాతగారి మంచము ఒకనాడు ఖాళీయగుట, పెంచుకొన్న కుక్కపిల్ల కనబడకపోవుట, తల్లి ఆసుపత్రిలో ఉండుట, పెద్దలు గదిలో గుసగుసలాడి తన్ను చూడగనే మాట మార్చుట – ఇవన్నియు ఏ పుస్తకమును తెరువకముందే శిశువు ఎరిగియుండును. ఎరుగనిది దాని పేరు మాత్రమే. రెండవ ఆక్షేపము మాత్రము లోతైనది. అది మన అలంకారశాస్త్రము ఏనాడో చర్చించిన విషయమునకు చేరువైనది. కావున ఈ వ్యాసమున మేము ముఖ్యముగా దానిని పరిశీలింప దలచితిమి.

కరుణమునకు స్థాయిభావము శోకము. లోకమున బాధించు శోకము కావ్యమున ఆస్వాద్యమెట్లగును? సాధారణీకరణమువలన అని మన ఆలంకారికుల సమాధానము. ఆ దుఃఖము నాది కాదు, నా పగవానిది కాదు, ఎవరిదో ఒక్కరిది మాత్రమే కాదు. అట్లు వ్యక్తిసంబంధము తొలగినపుడే అది రసమగును. అభినవగుప్తుడు అభినవభారతిలో రసప్రతీతికి ఏడు విఘ్నములను చెప్పెను. నిజసుఖాదివివశీభావము వానిలో ఒకటి. అనగా ప్రేక్షకుడు తన సొంత సుఖదుఃఖములలో మునిగి, ఎదుటి కథపై మనస్సు నిలుపలేకపోవుట. గానవాద్యములు, మండపాలంకారము మొదలగునవి ఈ విఘ్నమును తొలగించు సాధనములని ఆయన మతము.

‘మా అమ్మ కూడ చచ్చిపోవునా?’ అను శిశువు భయము సరిగా ఈ విఘ్నమే. ఇట్లు చూచినచో రెండవ ఆక్షేపము స్వరూపమే మారును. శిశువు సహృదయుడగుటకు అనర్హుడు కాడు. వాని విఘ్నము బలమైనది, దానిని వాడు ఒంటరిగా తొలగించుకొనలేడు, అంతియే. బొమ్మల పుస్తకము ఒంటరిగా చదువుటకు పుట్టినది కాదు. చదివి వినిపించువారొకరు, బొమ్మ చూచుచు వినువారొకరు ఉన్నప్పుడే అది ప్రదర్శనమునకు వచ్చును. పరిచితమైన కంఠస్వరము, కూర్చుండిన ఒడి, పుట త్రిప్పుటకు ముందు ఒక నిలుపు – ఇవియే ఆ చిన్న రంగస్థలమునకు మండపాలంకారములు. వలదన్నచో పుస్తకము మూయబడును, మరల అన్నచో మొదటికి వచ్చును. ఈ అధికారము జీవితమున శిశువునకు లేదు, పుస్తకము ముందు కలదు. కావున సహపఠనము లేని విషాదకథ శిశువునకు లౌకికశోకముగనే మిగులవచ్చును, సహపఠనముతో అది కరుణము కాగలదు అని మా అభిప్రాయము.

అయినను చదివి వినిపించువారు సమస్తమును చేయలేరు. పుస్తకమున ఉండవలసిన గుణములు కొన్ని కలవు.

మొదటిది చిత్రమునకును వచనమునకును గల పని విభజనము. ఆంగ్లకవి మైకేల్ రోజన్ 1999లో తన 18 ఏండ్ల కుమారుని కోల్పోయెను. ఆ దుఃఖమును గూర్చి ఆయన వ్రాసిన ‘శాడ్ బుక్’ 2004లో క్వెంటిన్ బ్లేక్ చిత్రములతో వెలువడినది. దాని మొదటి బొమ్మలో రోజన్ నవ్వుచుండును. వచనము మాత్రము ఆ నవ్వు నటనయనియు, లోపల ఉన్నది దుఃఖమనియు తెలుపును. అలంకారశాస్త్ర పరిభాషలో చెప్పవలెనన్న, అనుభావము ఒకటి, స్థాయి మరియొకటి. పెద్దల ముఖమును చదివి ఇంటి పరిస్థితిని గ్రహించు శిశువునకు ఇంతకన్న ఉపకరించు పాఠము అరుదు. తుదిబొమ్మ ప్రక్క వచనమే లేదు. క్రొవ్వొత్తి ఎదుట ఆయన కూర్చుండి యుండును. మాటలాగిన ఆ చోట చదువువాడును ఆగవలసినదే. ఆ మౌనములో శిశువు అడుగు ప్రశ్నయే అక్కడి వచనము.

రెండవ గుణము పేరు పెట్టుట. మార్గరెట్ వైజ్ బ్రౌన్ రచన ‘ది డెడ్ బర్డ్’ 1938లో వెలువడి, 1958లో రెమీ చార్లిప్ చిత్రములతో ప్రత్యేక పుస్తకమైనది. పిల్లలకు చచ్చిన పక్షి యొకటి దొరకును. దాని మేను చల్లబడుట, బిగిసిపోవుట వారు చేతితో తాకి తెలిసికొందురు. పాతిపెట్టుదురు, పాడుదురు, ఏడ్తురు. ప్రతిదినము అచ్చటికి వత్తురు, కొన్నాళ్లకు మరచిపోదురు. రచయిత్రి ఓదార్పు చెప్పదు. శరీరమున జరుగు మార్పును ఉన్నదున్నట్లు చెప్పును.

ఈ సందర్భమున మన భాషను గూర్చి ఒక మాట చెప్పవలసియున్నది. తెలుగున మరణవాచకములు అనేకములు కలవు. వానిలో మర్యాదగలవి పెక్కు ప్రయాణవాచకములే. ‘పోయినాడు’ అనుట స్పష్టముగనే ఉన్నది. ‘చనిపోయినాడు’ అనునది చను, పోవు అను రెండు గమనార్థక ధాతువుల కూర్పు. ‘గతించినాడు’, ‘దివంగతుడు’ అను పదములలోని సంస్కృతధాతువు కూడ గమనార్థకమే. ‘చచ్చు’ అను మాట మరణమును సూటిగా చెప్పును. దానిని పెద్దలయెడ వాడుట మోటు. హంగరీ బాలురను పరిశీలించిన మరియా నాజ్ అను పండితురాలు 5 ఏండ్ల లోపు పిల్లలు మరణమును తిరిగిరాదగిన ప్రయాణముగనో, నిద్రగనో తలంతురని 1948లో ప్రకటించెను. తరువాతి పరిశోధకులు ఈ వయఃపరిమితులను కొంత సవరించిరి. కాని మూలసూత్రము, అనగా మరణము మరలిరానిదను జ్ఞానము క్రమముగా కలుగునని, నిలిచినది. ఈ రెంటిని జోడించి చూడుడు. తాతగారు ‘పోయినారు’ అని విన్న నాలుగేండ్ల పిల్ల వీధివాకిట ఎదురుచూచుటలో వింతయేమున్నది? మన మర్యాద దానికి ఆ భ్రాంతి కలిగించినది.

జంతుకథల ప్రయోజనము ఇచ్చట తెలియును. పక్షినిగాని పిల్లినిగాని గూర్చి ‘చచ్చిపోయినది’ అనుటకు తెలుగువానికి సంకోచము లేదు. సూటియైన మాట మొదట అచ్చట నేర్చినచో, తరువాత మర్యాదపదము వెనుక ఉన్న అర్థము శిశువునకు అందును. సూసన్ వార్లీ 1984లో రచించిన ‘బాడ్జర్స్ పార్టింగ్ గిఫ్ట్స్’ అను పుస్తకమున బొరియలో నివసించు ముసలి బాడ్జరు మరణించును. మిగిలిన జంతువులు అది తమకు నేర్పిన విద్యలను తలచుకొనును. చుంచునకు కాగితపు బొమ్మలు కత్తిరించుట, కప్పకు మంచుపై జారుట నేర్పినది అదియే. పోయినది తిరిగిరాదు, నేర్పినది పోదు అను భేదమును ఈ కథ జంతువుల నోట చెప్పించినది.

మూడవ గుణము కారణమును దాచకుండుట. మా దృష్టిలో మిక్కిలి ముఖ్యమైనది ఇదియే. జపాను రచయిత త్సుచియా యుకియో 1951లో వ్రాసిన ‘కవాయిసోనా జో’ అను కథ ఆ దేశమున తరతరముల బాలురను ఏడిపించినది. ఆ పేరును తెలుగున ‘పాపము, ఏనుగులు’ అనవచ్చును. యుద్ధకాలమున టోక్యో నగరపు ఉయెనో జంతుప్రదర్శనశాలలోని జాన్, టోంకీ, వాన్లీ అను మూడు ఏనుగులను ఆహారము మాన్పి చంపిన ఉదంతము దాని వస్తువు. తిండికై అవి తాము నేర్చిన విద్యలను కావలివారి ఎదుట ప్రదర్శించు ఘట్టమును చదివి కన్నీరు పెట్టనివారుండరు. యుద్ధము వలదను బోధ కథాంతమున స్పష్టము.

కాని ఆ కథలో ఏనుగుల మరణవేళ నగరముపై బాంబులు కురియుచుండును. చరిత్రలో ఏనుగులు చనిపోయినది 1943 ఆగస్టు, సెప్టెంబరు మాసములలో. టోక్యోపై ఎడతెగని వైమానిక దాడులు ఆరంభమైనది 1944 నవంబరులో. మృగములను చంపవలెనని ఆజ్ఞాపించినది నగరపాలనాధికారి ఓదాచి షిగెయో. ఒక ఏనుగును సెండై నగరమునకు తరలింపవచ్చునన్న సూచన కూడ త్రోసివేయబడినది. 1943 సెప్టెంబరు 4వ తేదీన మృతజంతువులకు సంస్మరణసభ జరుగునప్పటికి రెండు ఏనుగులు ఇంకను ప్రాణములతో ఉన్నవి. హసెగావా ఉషియో మొదలగు జపాను విమర్శకులు ఈ భేదమును ఎత్తిచూపిరి. బాంబులే కారణమన్నచో దోషము ఆకాశము నుండి పడినట్లగును, ఆజ్ఞ యిచ్చిన చేయి కనబడదు. శిశువు ఏడ్చును. ఎందుకు ఏడ్చెనో మాత్రము తప్పుగా తెలిసికొనును. ఇట్టి కన్నీరు కరుణము కాదని మేము చెప్పము. కాని శిశువు విశ్వాసమునకు ఇది ద్రోహము. 1949లో జపాను బాలుర కోరికపై నెహ్రూ ‘ఇందిర’ అను ఏనుగును అదే ఉయెనోకు పంపెను. అది 1983 వరకు జీవించెను. ఈ ఉత్తరకథను కూడ చెప్పవచ్చును, కాని మొదటి కథ సత్యము చెప్పిన పిమ్మటనే.

మన సాహిత్యమున ఈ మూడు గుణములును కలిసిన ఘట్టమొకటి కలదు. 15వ శతాబ్దికి చెందిన అనంతామాత్యుని భోజరాజీయములోని గోవ్యాఘ్రసంవాదము పాఠ్యపుస్తకములందును చోటు గన్నది. పులికి చిక్కిన గోవు దూడకు పాలిచ్చి వత్తునని మాట ఇచ్చి ఇంటికి వచ్చును. పాలు కుడుపుటతో పని ముగిసినదని దూడ ఆదమరచినపుడు జారిపోదు. తాను ఎచ్చటికి, ఏల పోవుచున్నదో దూడకు చెప్పును. తాను లేనినాడు ఎట్లు మెలగవలెనో నేర్పును. తుదకు పులి మనస్సు కరగుట మనకు ఉపశమనము. అయినను తల్లి సత్యము చెప్పినది ఆ ఉపశమనము వచ్చునని ఎరిగి కాదు. తల్లియే సహచారి, తల్లియే సత్యవక్త. తెలుగుశిశువునకు విషాదకథ పరదేశపు దిగుమతి అనువారు ఈ ఘట్టమును మరల చదువవలెను.

కావున ఒక విషాదపుస్తకమును తరగతికి తేదలచిన ఉపాధ్యాయుడు మూడు విషయములు చూడవలెను. బొమ్మ మాటకు తోడై, మాట చెప్పలేనిదానిని చూపుచున్నదా? జరిగినదానికి సూటియైన పేరు ఉన్నదా? దుఃఖకారణము యథార్థముగా ఉన్నదా? అటుపిమ్మట తన్ను తాను ప్రశ్నించుకొనవలసినది ఒకటి కలదు: పిల్లవాడు ‘ఆగు’ అన్నచో ఆగుటకు, అడిగినచో బదులు చెప్పుటకు తనకు తీరిక కలదా? లేనినాడు ఆ పుస్తకమును మరునాటికి ఉంచుట మేలు. పరిశోధక విద్యార్థులకును ఇచ్చట పని ఉన్నది. తెలుగు ఇండ్లలో మరణవార్తను పసిపిల్లలకు ఏ మాటలతో చెప్పుదురో జిల్లాల వారీగా, కులవృత్తుల వారీగా సేకరింపవలెను. ఆ పదసంచయము చేతికి వచ్చిననాడు శిశువులకు సత్యము చెప్పదగిన తెలుగు ఏదో మన రచయితలకు తెలియగలదు.