పురాతన యుద్ధపరశువులపై ముద్రలు

సుత్తెదెబ్బలతో సాగగొట్టిన పూర్వకాలపు యుద్ధపరశువును జూచినపుడు, "దీనిని జేసిన కమ్మరి యెవ్వడు?" అను ప్రశ్న తోచుట సహజము. పరశువుపై నేదేని ముద్ర కన్పట్టినంతనే యది కమ్మరిదని నిశ్చయింపరాదు. ముద్రలు మూడు తెఱగులు.

మొదటిది పనివానిది. పారసీకమున 'అమలె' యనగా 'పని'. దాని పిదప నున్న పేరు చేసినవానిదని చదువవలయును. అయినను పేరును వెంటనే నమ్మరాదు. మొదటి షా అబ్బాసు (1588–1629) కాలమువాడని ప్రసిద్ధుడగు ఇస్ఫహాను పనివాడు అసదుల్లా పేరు, ఒక్క మనుష్యుడు జన్మమంతయు శ్రమించినను చేయజాలనన్ని కత్తులపై గలదు. ఆతని కీర్తి నాశించి యితరులును ఆ పేరు చెక్కిరి.

రెండవది ఆయుధశాలది. 1689లో మన ఆదవాని దుర్గమున మొగలుల పక్షమువాడగు బికనీరు రాజు అనూపసింగునకు జిక్కిన ఆయుధములు బికనీరు చేరెను. వానిలో కొన్నింటిపై నాగరలిపిలో చుక్కలు చుక్కలుగా నక్షరములు పొడువబడినవి. అవి యాయుధము చేరినచోటును దెలుపునేగాని పుట్టినచోటును దెలుపవు.

మూడవది ప్రభుత్వముది. బ్రిటిషు సర్కారు సామగ్రిపై గల బాణపుగుర్తు స్వామ్యమునకు చిహ్నము, కమ్మరికి గాదు.

ముద్రను ఏటవాలు వెలుతురున భూతద్దముతో బరీక్షింపవలయును. అక్షరముల లోతునందలి తుప్పును చుట్టునున్న తుప్పును ఒక్కతీరుగ నున్నచో ముద్ర ప్రాతది కావచ్చును. అక్షరము తుప్పును జీల్చుకొని మెఱయుచున్నచో నది యీవలివారి చేతిపని యని శంకింపవలయును.

ఇక పేరు లేని ముద్ర యొకటి కలదు. నిజామాబాదు ప్రాంతపు కోనసముద్రమున మూసలలో గాచిన యుక్కును గొనుటకు ఇస్ఫహాను వర్తకుడు వచ్చియుండెనని వాయిసీ దొర వ్రాసెను. ఆ వ్రాత 1832లో అచ్చుపడినది. అట్టి యుక్కుతో జేసిన అలుగులపై నీటియలలవంటి చారలు గానవచ్చును. అలుగును దీర్చినవాని పేరు దానిపై నుండవచ్చునుగాని, ఉక్కు గాచిన మన తెలుగు కమ్మరి పేరుండదు. ఆ చారలే వాని వ్రాలు.

కావున మీ యింట తాతలనాటి గొడ్డలియో కత్తియో యున్నచో ఇటుకపొడితో తోమకుడు, ఆకురాయితో రుద్దకుడు. మెఱుగుకొఱకు చేసిన యా పనివలన ముద్రయు, చారయు, వానితోడ నొక మనుష్యుని జ్ఞాపకమును నశించును. మెత్తని పొడిబట్టతో దుడిచి, చెమ్మ తగులకుండ నుంచిన చాలును. వనస్థలిపురమునుండి నగరమునకు బోయినపుడు సాలార్‌జంగు ప్రదర్శనశాలలోని ఆయుధములను జూడుడు. వాని పదునుకంటె ముందు వానిపై వ్రాతలను వెదకుడు.