గీసిన అక్షరము, వ్రాసిన అక్షరము

వరికుంటపాడు వంటి గ్రామములో ఒక ఉపాధ్యాయుడు, నిరుడు అచ్చువేయించిన పాఠశాల సైన్సు కరపత్రమును కంప్యూటరులో తెరచెననుకొందము. తేదీ మార్చి మరల అచ్చు వేయించవలెను. అక్షరములు తెరమీద చక్కగా కనబడుచున్నవి. కాని వానిలో ఒక్కదానిని చెరుపుటకు గాని, కొత్తది చేర్చుటకు గాని వీలు కాదు. కంటికి కనబడు అక్షరము చేతికి చిక్కకపోవుటకు కారణమేమి?

కంప్యూటరులో అక్షరము రెండు విధములుగా ఉండవచ్చును: సంఖ్యగా, లేదా గీతగా. 1991లో వెలువడిన యూనికోడ్ పద్ధతిలో ప్రతి తెలుగు వర్ణమునకు ఒక సంఖ్య కలదు. ‘వ’కు 3125, ‘ర’కు 3120, గుడికి 3135. ‘వరికుంటపాడు’ అను మాటలో చూచుటకు ఆరు అక్షరములే యున్నను, లోపల నున్నవి 11 సంఖ్యలు. వర్డ్ ప్రాసెసరు ఈ సంఖ్యలనే దాచుకొనును. వానికి రూపము నిచ్చునది ఫాంటు. కనుకనే అక్షరమును మార్చుట సులభము.

వెక్టర్ చిత్రము సంగతి వేరు. కేంద్రము, వ్యాసార్ధము తెలిసిన వృత్తమును గీయవచ్చును గదా! అట్లే వంపులకు కొన్ని బిందువులు చాలును. ఫ్రాన్సులో రెనో కార్ల కంపెనీ ఇంజనీరు పియర్ బెజియే 1960 దశకములో ప్రచారములోనికి తెచ్చిన పద్ధతిలో, రెండు కొనలు, వంపును నిర్ణయించు మరి రెండు బిందువులు, మొత్తము నాలుగు బిందువులతో ఒక వంపు ఏర్పడును. చిత్రము నెంత పెంచినను అంచు చెదరదు. అవతలి కంప్యూటరులో ఆ ఫాంటు లేకున్నను రూపము చెడకుండుటకై అచ్చుపనివారు అక్షరములను ఇట్టి వంపులుగా మార్చి పంపుదురు. ఆ క్షణముననే సంఖ్యలు పోవును. అంచుగీతలు మాత్రమే మిగులును.

కాబట్టి ఫైలును మార్చుటకు ముందు దానిలో నేమున్నదో చూడవలెను. ఇందు మూడు స్థితులు కలవు. మొదటిది, యూనికోడ్ సంఖ్యలు నిలిచియున్న ఫైలు. దీనిలోని మాటలను నకలుచేసి వర్డ్ ప్రాసెసరులో అతికించినచో పని తీరును. రెండవది, పాత తెలుగు ఫాంటులతో కూర్చినది. ఇందు సంఖ్యలున్నను అవి ఇంగ్లీషు అక్షరములవి. వానికి తెలుగు ముక్కల రూపము తొడిగినారు. నకలుచేసిన అర్థములేని ఇంగ్లీషు గుర్తులు వచ్చును. ఆ ఫాంటునకు తగిన మార్పిడి పట్టిక కావలెను. మూడవది, వంపులు మాత్రమే మిగిలినది. దీనికి అక్షరములను గుర్తించు ప్రోగ్రాము ఒక్కటే శరణ్యము. 2005 నుండి అందరికి ఉచితముగా లభించుచున్న టెసరాక్ట్ తెలుగును కూడ చదువగలదు.

కాని ఆ ప్రోగ్రాము చూచునది రూపమును, అర్థమును కాదు. ‘వ’, ‘ప’లకు భేదము స్వల్పము. నిండుసున్నకు సంఖ్య 3074. తెలుగు అంకెలలోని సున్నకు 3174. రెండింటి రూపము ఇంచుమించు ఒక్కటే. ‘వరికుంటపాడు’లో ఒకదానికి బదులు రెండవది పడినచో కంటికి తప్పు కానరాదు. అయినను ఆ ఊరి పేరు వెదకినవారికి ఆ పత్రము దొరకకపోవచ్చును. కనుక మార్చిన ప్రతిని మూలముతో సరిచూచుట తప్పనిసరి.

పటముల విషయములో ఇంత చిక్కు లేదు. పటము గీతలుగా నుండుటయే న్యాయము. దానిని చిత్రముగానే పత్రములో చేర్చి, దాని చుట్టునున్న మాటలను మాత్రము తిరిగి అక్షరములుగా చేసిన చాలును.

విద్యార్థులు ఒక చిన్న పరీక్ష చేయవచ్చును. ఫైలు తెరచి ఒక మాటపై మౌసును లాగవలెను. మాట ఎంపికైనచో దానిని నకలుచేసి వేరొకచోట అతికించవలెను. తెలుగే వచ్చిన మొదటి స్థితి. ఇంగ్లీషు గుర్తులు వచ్చిన రెండవది. అసలు ఎంపికే కానిచో మూడవది.

ఈ భేదము సవరణకు మాత్రమే సంబంధించినది కాదు. చూపులేని విద్యార్థికి తెరమీది పాఠమును చదివి వినిపించు ప్రోగ్రామునకు సంఖ్యలే ఆధారము. గీతలుగా మారిన పాఠము అతనికి ఖాళీ కాగితమే. కనుక అచ్చునకు గీతల ప్రతిని పంపినను, అక్షరముల మూలప్రతిని పాఠశాలలో భద్రపరచుట ఉత్తమము. అక్షరములను గీతలుగా మార్చుటకు ఒక్క క్షణము చాలును; గీతలను మరల అక్షరములు చేయుటకు గంటలు పట్టును.