పరమాణువులు గుమిగూడితే...

భన్‌పురి, ఉర్ల, సిల్తరా పారిశ్రామిక వాడలున్న రాయ్‌పూర్ ప్రాంతంలో లోహమంటే ఇనుము. దాని లెక్క టన్నులలో. రసాయన కర్మాగారంలో మాత్రం లోహాన్ని పరమాణువులలో లెక్కించవలసిన సందర్భమొకటి ఉన్నది.

మన పాల ప్యాకెట్లకూ నీటి గొట్టాలకూ వాడే పాలిథిన్‌కు మూలం ఇథిలీన్. నాఫ్తానో, ఈథేన్‌నో నీటి ఆవిరితో కలిపి తీవ్రమైన వేడిలో విడగొట్టినపుడు ఇథిలీన్‌తో పాటు కొంత ఎసిటిలీన్ కూడా పుడుతుంది. పది లక్షల పాళ్ళలో కొద్ది పాళ్ళు మిగిలినా అది పాలిథిన్ తయారీలోని ఉత్ప్రేరకాన్ని చెడగొడుతుంది. అందుచేత పల్లాడియం లోహంపై హైడ్రోజన్‌ను చేర్చి దానిని కూడా ఇథిలీన్‌గా మారుస్తారు. చర్య అక్కడితో ఆగాలి. ఆగకపోతే ఉన్న ఇథిలీన్ సైతం ఈథేన్ అయిపోతుంది. కలుపు తీయబోయి పైరు పీకినట్లే! కోరిన పదార్థం దగ్గరే చర్యను నిలిపే గుణాన్ని వరణాత్మకత అంటారు.

ఈ గుణం లోహ గుచ్ఛం పరిమాణాన్ని బట్టి మారుతుంది. పల్లాడియం రేణువు పెద్దదైతే హైడ్రోజన్‌ను తన లోపలికి కూడా పీల్చుకొని హైడ్రైడ్‌గా మారుతుంది. లోపల దాగిన ఆ హైడ్రోజన్ పైకి వచ్చి ఇథిలీన్‌ను ఈథేన్‌గా మారుస్తుంది. పైగా పక్కపక్కనున్న పరమాణువులు ఇథిలీన్‌ను గట్టిగా పట్టి ఉంచుతాయి. రేణువు రెండు మూడు నానోమీటర్ల లోపునకు తగ్గితే హైడ్రైడ్ ఏర్పడడం కష్టం. ఇక ఒంటరి పరమాణువు మీద ఇథిలీన్ పట్టు సడలి, పుట్టినది పుట్టినట్లే వెడలిపోతుంది.

అంతమాత్రాన చిన్నదే మేలని తొందరపడరాదు. మరీ చిన్న గుచ్ఛాలకు ఎసిటిలీన్ గట్టిగా అంటుకొని చర్య మందగిస్తుంది. పైగా అవి వేడికి కదిలి, ఒకదానితో ఒకటి కలిసి మళ్ళీ పెద్దవవుతాయి. కర్మాగారాలు ఎంచుకొన్న ఉపాయం వేరు: పల్లాడియంకు వెండి జోడించి, దాని పరమాణువుల నడుమ ఎడం కల్పిస్తారు. రేణువును చిన్నది చేయకుండానే చేసినట్లు! 1952లో లిండ్లార్ సీసం చేర్చి రూపొందించిన పల్లాడియం ఉత్ప్రేరకం కూడా చర్యను సగంలో ఆపేదే. విటమిన్ ఎ తయారీలో అది ఎంతో అక్కరకు వచ్చింది.

రేణువులు గుమిగూడకుండా నిలపడంలో తెలుగునాట జరిగిన కృషి కూడా చెప్పుకోదగినది. 2002లో హైదరాబాదు తార్నాకలోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థలో బి.ఎం. చౌదరి, ఎం. లక్ష్మీకాంతం ప్రభృతులు పొరలు పొరలుగా ఉండే హైడ్రాక్సైడ్‌పై నానో పల్లాడియంను నిలిపి ఉత్ప్రేరకంగా వాడారు. వారు చేసినది హైడ్రోజనీకరణం కాదు, కర్బన అణువులను జతపరచే చర్య. అయినా లోహాన్ని సన్నని రేణువులుగానే నిలిపి ఉంచే సమస్య రెండింటికీ ఒక్కటే.