మీకు తెలుసా? పిడుగు దేవుడి తీగ

రుమటాయిడ్ ఆర్థ్రయిటిస్‌కు చైనా వైద్యులు వాడే ఒక తీగ పేరు లేగాంగ్ తెంగ్. అంటే పిడుగు దేవుడి తీగ. దాని వేరుకు పైబెరడు ఒలిచేసి, లోపలి భాగం నుంచి మందు తీస్తారు.

నాటుమందే కదా అని కొట్టిపారేయలేం. బీజింగ్‌లోని పెకింగ్ యూనియన్ మెడికల్ కాలేజీ ఆసుపత్రి వైద్యులు, మరికొందరు కలిసి 207 మంది రోగులను మూడు గుంపులుగా చేసి పరీక్షించారు. 2014లో ఫలితాలు అచ్చయ్యాయి. 24 వారాలకు జబ్బు లక్షణాలు కనీసం సగానికి తగ్గినవారు ఈ జబ్బుకు మామూలుగా ఇచ్చే మెథోట్రెక్సేట్ మందు ఒక్కటే వాడిన గుంపులో 46 శాతం, తీగమందు ఒక్కటే వాడిన గుంపులో 55 శాతం. రెండూ కలిపి వాడినవాళ్లలో ఏకంగా 77 శాతం! అయితే తాము ఏ మందు వేసుకుంటున్నదీ రోగులకు తెలుసు. ఆ నమ్మకం ప్రభావం కొంత ఉండొచ్చు.

అంతమాత్రాన ఆన్‌లైన్‌లో తెప్పించుకుని మింగే మందు కాదిది, దయచేసి ఆ పని చేయకండి. ఈ తీగ ఆకులు, పూలు, వేరు బెరడు విషం, తిని చనిపోయినవాళ్లున్నారు. వేరులో వాపు తగ్గించే ట్రిప్టొలైడ్ అనే పదార్థమే మోతాదు మించితే కాలేయాన్నీ మూత్రపిండాలనూ దెబ్బతీస్తుంది. సరైన మోతాదులో వాడినా మగవారిలో వీర్యకణాలు తగ్గవచ్చు, ఆడవారికి నెలసరి ఆగిపోవచ్చు. అందుకే పిల్లలు కావాలనుకునేవారికి ఈ మందు ఇవ్వరు.