వాయువుల వ్యాకోచం

1783 జూన్ 4వ తేదీన ఫ్రాన్సు దేశంలోని అన్నొనే పట్టణంలో మోంగోల్ఫియే సోదరులు ఒక పెద్ద బెలూన్‌ను ప్రజల ఎదుట ఆకాశానికి పంపారు. గుడ్డకు లోపలివైపు కాగితం అతికించి దానిని తయారుచేశారు. కింద మంట పెట్టగానే అది ఉబ్బి పైకి లేచింది. పొగలో ఏదో ప్రత్యేకమైన తేలికదనం ఉన్నదనీ, అదే బెలూన్‌ను మోసుకుపోయిందనీ ఆ సోదరులు భావించారు. నిజానికి పొగకు ఆ ఘనత లేదు. ఘనత వేడిది.

వేడెక్కిన వాయువు వ్యాకోచిస్తుంది. సంస్కృతంలో వ్యాకోచమన్న పదం పువ్వు విచ్చుకోవడానికి వర్తిస్తుంది. దానిని భౌతికశాస్త్రానికి తెచ్చిన వారెవరో గాని రసజ్ఞులు. అయితే ఎంత వేడికి ఎంత విచ్చుకొంటుంది? ఈ ప్రశ్నకు సమాధానం వెదికినవాడు జాక్ షార్ల్. మన పాఠ్యగ్రంథాలలో ఈయనే చార్లెస్. అదే సంవత్సరం డిసెంబరు 1న హైడ్రోజన్ నింపిన బెలూన్‌లో పారిస్ నుండి స్వయంగా ఆకాశయానం చేసిన సాహసి ఈయన.

సుమారు 1787లో షార్ల్ వేర్వేరు వాయువులను వేడిచేసి చూశాడు. ఆక్సిజన్, నైట్రోజన్, హైడ్రోజన్ సమానంగానే వ్యాకోచించాయి. అంతటి విషయాన్ని కనుగొని కూడా ఆయన ప్రచురించలేదు. 1802లో గే-లుసాక్ మరింత శ్రద్ధగా ప్రయోగాలు చేసి ఫలితాలు వెల్లడించాడు. షార్ల్ పదిహేనేళ్ల కిందటే దీనిని గమనించాడని ఆ వ్యాసంలోనే రాశాడు. ఆ మాట రాయకపోయినా అడిగేవారు లేరు. నేడు నియమానికి షార్ల్ పేరు నిలిచిందంటే గే-లుసాక్ నిజాయితీయే కారణం.

నియమం ఇది: పీడనం మారనప్పుడు, నిర్దిష్ట ద్రవ్యరాశి గల వాయువు ఘనపరిమాణం దాని పరమ ఉష్ణోగ్రతకు అనులోమానుపాతంలో ఉంటుంది. విద్యార్థులు తరచు జారిపడేది ‘పరమ’ అన్న మాట దగ్గరే. 27 డిగ్రీల సెల్సియస్ వద్ద 300 మిల్లీలీటర్లున్న గాలిని 54 డిగ్రీలకు వేడిచేస్తే అది రెట్టింపు కాదు. సెల్సియస్ అంకెకు 273 కలపాలి. అప్పుడు 300 కెల్విన్లు 327 అయినట్లు తేలుతుంది. గాలి కూడా 327 మిల్లీలీటర్లే అవుతుంది.

ఇక బెలూన్ సంగతి. దాని అడుగున నోరు తెరచి ఉంటుంది కనుక లోపలి పీడనం బయటి పీడనానికి దాదాపు సమానం. వెయ్యి ఘనమీటర్ల బెలూన్‌లో 27 డిగ్రీల వద్ద ఇంచుమించు 1,180 కిలోల గాలి పడుతుంది. (గాలికి అంత బరువా అని ఆశ్చర్యపడనక్కరలేదు, బరువు ఉన్నది.) ఆ గాలిని 100 డిగ్రీలకు వేడిచేస్తే వ్యాకోచించి, అందులో సుమారు ఐదవ వంతు, అనగా 230 కిలోలు, నోటి గుండా బయటికి పోతుంది. బెలూన్ గుడ్డ, బుట్ట, మనుషులు అన్నీ కలిపి అంతకంటె తక్కువ బరువుంటేనే అది పైకి లేస్తుంది.

వేడిచేసే కొద్దీ పెరిగే వాయువు చల్లార్చే కొద్దీ తగ్గాలి. లెక్క ప్రకారం −273.15 డిగ్రీల వద్ద ఘనపరిమాణం శూన్యం కావాలి. ఆ స్థానాన్నే పరమశూన్యమంటారు. అయితే ఏ వాయువూ అంతవరకు వాయువుగా మిగలదు. సాధారణ వాతావరణ పీడనం వద్ద ఆక్సిజన్ −183 డిగ్రీలకే ద్రవమవుతుంది. అన్నిటికంటె మొండిదైన హీలియం సైతం −269 డిగ్రీల వద్ద లొంగింది. 1908లో హాలెండులోని లైడెన్ నగరంలో కామర్లింగ్ ఓనెస్ దానిని ద్రవంగా మార్చాడు.