ఆకలి మొక్క – లావు మాత్ర

పస్తుల కాలంలో పేదోడు కడుపు మంట చల్లార్చుకున్న మొక్క, ఇయ్యాల పైసలున్నోళ్ళ లావు తగ్గించే మాత్రగా సీసాలకెక్కింది. దాని పేరు కారల్లం. కొన్నిచోట్ల కుందేటి కొమ్ములంటారు. రాతి నేలల్లో, గుట్టల మీద పెరిగే, ఆకుల్లేని రసపు కాడ. అడవికి పోయేటోళ్ళు పచ్చిగా నమిలి ఆకలి మరిచిపోయారు. కరువులో కూర వండుకున్నారు.

ఈస్టిండియా కంపెనీ వైద్యుడు విలియం రాక్స్‌బర్గ్ 1795లో మొదలైన తన కోరమండల్ తీరపు మొక్కల గ్రంథంలో దీన్ని తెలుగు పేరుతో సహా ఎక్కించాడు. తర్వాత రాబర్ట్ బ్రౌన్ ఆ పేరునే లాటిన్ చేసి ‘కారల్లుమా’ అన్నాడు. పేరు మనది, తెలివి మనది. మరి లాభం ఎవరిది?

ఇందులో ప్రెగ్నేన్ గ్లైకోసైడ్లనే పదార్థాలున్నాయి. అవి మెదడులో ఆకలిని నడిపే భాగం మీద పనిచేస్తాయని శాస్త్రజ్ఞుల అంచనా. బెంగుళూరు సెయింట్ జాన్స్ సంస్థ వాళ్ళు 50 మంది మీద చేసిన పరీక్ష 2007లో అచ్చయింది. కొందరికి రోజుకు 1 గ్రాము సారం, మిగతావారికి మందులేని మాత్ర, 60 రోజులు ఇచ్చారు. సారం తిన్నవాళ్ళకు ఆకలి, నడుం కొలత తగ్గాయి. బరువులో మాత్రం రెండు జట్ల మధ్య చెప్పుకోదగ్గ తేడా తేలలేదు. కనుక సీసా మీది ప్రచారం నమ్మి కూలి పైసలు తగలెయ్యొద్దు.

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణ ఆడవాళ్ళలో నూటికి 30 మంది అధిక బరువున్నారు. దాదాపు 19 మంది బక్కచిక్కి ఉన్నారు. లావైనోళ్ళంతా కలిగినోళ్ళు కారు. బియ్యం తప్ప పప్పు, కూరగాయ కొనలేని కూలి ఇంట్లోకి కూడా షుగరు జబ్బు వచ్చింది. దీనికి మందు మాత్ర కాదు, గిట్టే కూలి, రేషన్ల పప్పు, నూనె.

ఇక హక్కు మాట. 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం ఊరి మొక్కలతో, ఊరి తెలివితో వ్యాపారం చేసే కంపెనీ లాభంలో వాటా ఇవ్వాలి. 2023 సవరణ గ్రంథాలకెక్కిన సంప్రదాయ జ్ఞానాన్ని వాడుకునే దేశీయ కంపెనీలకు ఆ వాటా మాఫీ చేసింది. నోటి మాటగా మిగిలిన మన తెలివికి హక్కు ఇంకా ఉంది. కానీ సాక్ష్యమేది?

తంగళ్ళపల్లి మండలంలో ప్రతి గ్రామ పంచాయతీని జీవవైవిధ్య కమిటీ లెక్క అడగండి. రిజిస్టరు తెరిపించండి. మేకల కాపరి తాతను, కలుపు తీసే అవ్వను కూర్చోబెట్టి వాళ్ళు చెప్పింది చెప్పినట్టు రాయించండి. మన తెలివి కాగితం మీదికెక్కితేనే మన వాటా కోసం కొట్లాడగలం.